నావలతిప్ప బావి

గోపాలస్వామి మోటారు సైకిలు దిగేసరికి విజయమ్మ పంచలో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. వెంకటేశులు దొడ్డి చుట్టూ కొత్త కంప వేసి, కాలి చెప్పుతో తొక్కి అణుస్తున్నాడు. గోపాలస్వామిది కుప్పం. నీళ్ళ పనులు చేసే ఒక సంస్థలో ఉద్యోగం. మూడేళ్ళ కిందట పుంగనూరు చుట్టుపక్కల పల్లెల్లో వంకలకు అడ్డకట్టలు కట్టించినప్పుడు ఈ పంచలోనే అన్నం తిన్నాడు.

"వెంకటేశులన్నా, ఒక బావి పూడిక తీయాల. వస్తావా?"

వెంకటేశులు కంప మీది కాలు తీయకుండానే నవ్వాడు. "బావా? యాడప్పా ఇంకా బావులుండేది?"

"తడ కాడ. పడవెక్కి పోవాల. చుట్టూ నీళ్ళు, నడాన చిన్న తిప్ప. నావలతిప్ప అంటారు."

"చుట్టూ నీళ్ళుంటే బావి యాలప్పా?" అంది విజయమ్మ.

"అవి ఉప్పునీళ్ళక్కా. నోట్లో పోసుకునేదానికి కాదు. ఊరికంతా ఆ ఒక్క బావే. దాని అడుగు మనిషి చూసి నూరేండ్లయిందంటారు. ఆ ఊరోళ్ళు చేపలు పట్టే వాళ్ళు, నీళ్ళ మీదంటే యాడికైనా పోతారు గానీ బావిలోకి దిగమంటే దిగరు."

వెంకటేశులు దగ్గరకొచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆరేళ్ళుగా అతణ్ణి బావిలోకి దిగమని ఎవరూ పిలవలేదు. మెట్ట ఊళ్ళన్నిటా బోరు లారీలే తిరుగుతున్నాయి. అతను అరచేతులు తిప్పి చూసుకున్నాడు. కాయలు మెత్తబడి ఉన్నాయి.

"మోకు పట్టేదానికి ఆడ మనుషులుండారు. నువ్వొక్కడివి వస్తే చాలు" అన్నాడు గోపాలస్వామి.

విజయమ్మ చేతిలోని సుత్తి పక్కన పెట్టింది. "ఇరవై ఏండ్లప్పా. నేను మోకు పట్టకుండా ఈయన యా బావిలోనూ దిగలే. నేనూ వస్తాను."

"ఎండలక్కా. ఆడ నీడ కూడా తక్కువ."

"ఈడ మాత్రం శానా ఉండాదిలే."

మర్నాడు ఇద్దరూ మదనపల్లెకు పోయి కొత్త కొబ్బరి మోకు కొన్నారు. అంగడాయన దాన్ని అటక మీది నుంచి దించి, దుమ్ము దులుపుతూ, "బావికా? ఇంకా ఎవరప్పా దిగేది?" అని అడిగాడు. వెంకటేశులు మోకు చివర విప్పి, పేటలు లెక్కపెట్టి, కాలికింద తొక్కి లాగి చూశాడు. విజయమ్మ కూడా లాగి చూసింది. ఆమె తల ఊపాకే కట్టమన్నాడు.

ఆ సాయంత్రానికి కుప్పం చేరారు. గోపాలస్వామి తల్లి కట్టిచ్చిన చిత్రాన్నంతో తెల్లవారే రైలెక్కారు. మద్రాసులో ఇంకో రైలు, తడలో ఆటో. నీళ్ళ ఒడ్డుకు చేరేసరికి పొద్దు వాలుతోంది. వెంకటేశులు ఒడ్డున నిలబడిపోయాడు. కనుచూపు మేరా నీళ్ళు. విజయమ్మ వంగి దోసిట్లోకి తీసుకుని నాలుకకు తగిలించి, తూ అని ఊసింది.

"ఇంత నీళ్ళు పెట్టుకోని గొంతు తడవదంటే, ఎంత కష్టం!"

పడవవాడు గెడతో అడుగు నేలను నెడుతూ పోతున్నాడు. లోతు నడుము దాటదు. "యా ఊరు మీది?" అని అడిగాడు.

"కుప్పం పక్క" అన్నాడు గోపాలస్వామి.

"యా కుప్పం?"

"కుప్పమే. ఊరి పేరే అది."

పడవవాడికి నవ్వొచ్చింది. "మాకు చేపలు పట్టేవాళ్ళుండే ప్రతి పల్లే కుప్పమే సార్. మీదేదో కొండల్లో ఉండే కుప్పమన్నమాట!"

*

నావలతిప్ప ఒక చివరి నుంచి ఇంకో చివరికి అరగంటలో నడవొచ్చు. తాటిచెట్లు, అరవై గడపలు, ఒక బడి, ఇటుకలు రాలిపోయిన పెద్ద ఉప్పుకొట్టు గోడలు. నడుమ ఇసుకమిట్ట. దాని మీద బావి.

వెంకటేశులు ముందుగా బావి చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. పాతకాలపు పలచటి ఇటుక, గుల్లసున్నం. గోడలో కాలు పెట్టుకునేందుకు గుంటలు. నేల పైకి లేచిన బావి ఒరకు ఒక పక్క నిలువు బండ, దాని మీద మూడు తెరచాపల ఓడ బొమ్మ, కింద ఎవరికీ చదవరాని అక్షరాలు. లోతు ఇరవై అడుగులుంటుంది. వాళ్ళ పక్క అరవై అడుగుల రాతిబావులు దిగినవాడికి అది గాదెలా కనపడింది.

బావి పక్కనే కూల్చేసిన గుడిసె ఉంది. తాటాకులు ఒకచోట, వాసాలు ఒకచోట. వాటి మధ్య ఒక ముసలామె రెండు కుండలు, ఒక చాప పెట్టుకుని ఎండలోనే కూర్చుని ఉంది. డెబ్బై ఏళ్ళు పైబడిన మనిషి. పేరు చెంగమ్మ.

"మోటారు గది కట్టాల. అందుకని తీసేసినాం" అన్నాడు నాగేంద్ర. అతను ఊరి పెద్ద, రెండు ఇంజను పడవల ఆసామి. కొత్త మోటారు అట్టపెట్టె బడి వసారాలో చూపించాడు. "ముసిల్ది నలభై ఏండ్లుగా ఈ బావిని కాస్తా ఉండాది. దినానికి ఇంటికి రెండు కడవలంటాది. తెల్లారి ఒక జాము, అంతే. మధ్యాన్నం ఒక చెంబు తోడినా అరుస్తాది. మా ఆడోళ్ళు రెండు కడవలతో ఇల్లు ఎట్ల గడుపుతారో నువ్వే చెప్పప్పా. నా కోడలు నీళ్ళకని తడకు పడవ మీద పోతాది. పూడిక తీసి, ఇంకో పదడుగులు లోతు చెయ్యి. ఇంటింటికీ కొళాయి వేస్తాం."

మాటలో తప్పేమీ కనపడలేదు వెంకటేశులుకు. నీళ్ళు తక్కువైతే లోతుకు పోవాలి. అతను పుట్టిన నేలలో అందరికీ తెలిసిన సంగతి అది.

చెంగమ్మ కూర్చున్నచోటి నుంచే పిలిచింది. "అబ్బయా, పూడిక తియ్యి. పుణ్యముంటాది. అడుగు మాత్రం ముట్టుకోవద్దు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఎవరో "మొదలుపెట్టింది" అన్నారు. గోపాలస్వామి గొంతు తగ్గించి, "పాపం, గుడిసె పోయిన దుఃఖమన్నా. పట్టించుకోవద్దు" అన్నాడు. వెంకటేశులు కూడా నవ్వి తల తిప్పుకున్నాడు.

విజయమ్మ నవ్వలేదు. ఎండలో ఉన్న మనిషినీ, పక్కన పడి ఉన్న తాటాకులనూ చూసింది. తర్వాత కొంగు బిగించి, నాలుగు వాసాలు నిలబెట్టి, ఆకులు కప్పి నీడ చేసింది. ఎవరూ వద్దనలేదు.

*

తెల్లవారి వెంకటేశులు లాంతరు వెలిగించి బావిలోకి దించాడు. నీళ్ళ దాకా పోయినా దీపం ఆరలేదు, లోపల చెడుగాలి లేదు. కప్పీకి మోకు వేసి, ఒక చివర నడుముకు కట్టుకుని, గోడ గుంటల్లో కాళ్ళు పెట్టి దిగాడు. మోకాలి లోతు నీళ్ళు, దాని కింద నల్లటి బురద. ఆ చల్లదనం అరికాళ్ళకు తగలగానే అతనికి తెలియకుండానే ఊపిరి పెద్దగా వచ్చింది. ఆరేళ్ళయింది.

"ఎట్లుండాది?" పైనుంచి విజయమ్మ గొంతు.

"బాగుండాది."

గంప నిండగానే మోకును రెండుసార్లు గుంజేవాడు. ఆమె లాగేది. ఊరి మగవాళ్ళు ఇద్దరు, మూడు గంపల దాకా సాయం పట్టి, ఆమె లాగే లయ అందుకోలేక అలసిపోయి కూర్చున్నారు. ఆమె చేతులు మార్చదు, మాట్లాడదు. గంప ఒర అంచుకు రాగానే మోకాలితో ఆపి, ఒక్క విసురుతో తిప్పి పోస్తుంది.

పన్నెండో గంపలో ఇత్తడి బిందె వచ్చింది. నలిగి, పచ్చగా మారిపోయి ఉంది. చెంగమ్మ లేచి వచ్చింది. బురద తుడిచి, మెడ దగ్గర వేలితో తడిమి, "ఇది కృష్ణవేణి అత్తది. ఆ అత్తకు పెండ్లైన ఏడు పడింది" అంది. కృష్ణవేణి అంటే నాగేంద్ర కోడలు. ఎవరో ఆమెను పిలుచుకొచ్చారు. ఆమె బిందె అడుగున చెక్కిన అక్షరాలు చూసి, "మా అత్త పేరే!" అని, చనిపోయిన ఆ మనిషినే చేతికిచ్చినట్లు దాన్ని పొట్టకు హత్తుకుంది.

ఆ మాట ఊరంతా పాకింది. ఆడవాళ్ళు వచ్చి బావి చుట్టూ చేరారు. చెంబు, గిన్నె, పిల్లకాయల మొలతాడు బిళ్ళ, ఇంకో చెంబు. ప్రతి వస్తువూ చెంగమ్మ చేతికి పోతుంది. ఆమె తడిమి, ఎవరిదో, ఏ ఏట పడిందో చెబుతుంది. ఒకటి రెండింటికి తడుముకుంది గానీ మిగిలినవన్నీ చెప్పింది. కింద వెంకటేశులుకు పైనుంచి నవ్వులు వినిపిస్తున్నాయి. బావిలో పని చేసేటప్పుడు అంతమంది నవ్వడం అతను ఎప్పుడూ వినలేదు.

సాయంత్రం చెంగమ్మ విజయమ్మను వెంటబెట్టుకుని తిప్పంతా చూపించింది. ఉప్పుకొట్టు వెనక గడ్డిలో నాలుగు సమాధి రాళ్ళున్నాయి. అన్నిటిలోకీ చిన్నదాని మీద కుంకుమ ఉంది, పక్కన ప్రమిద ఉంది.

"ఎవరవ్వా?"

"దొరపాప. ఓడలో జ్వరమొచ్చి పోయిందంట. మూడేండ్ల బిడ్డ. అమ్మా నాయనా ఓడెక్కి వెళ్ళిపోయినారు. ఈ బిడ్డకు ఎవరుండారు? మా ఆడోళ్ళే దీపం పెడతారు. శుక్రవారం."

"ఎన్నాళ్ళ నుంచి?"

"నాకేం తెలుసు. మా అత్త పెట్టింది, ఆమె అత్త పెట్టింది."

విజయమ్మ రాతి మీద రాలిన ఆకులు ఊడ్చి, చేయి అలాగే కాసేపు ఉంచింది.

*

మూడోరోజు మధ్యాహ్నానికి పూడికా, దాంతో పాటు నీళ్ళూ తోడేయడం అయిపోయింది. అడుగు కనపడింది. వెంకటేశులు మిగిలిన నీళ్ళు చేతులతో అటూఇటూ తోసి చూశాడు. నున్నటి బండలు, ఒకదానికొకటి అతికించి, సందుల్లో సున్నం దట్టించి పరిచారు. ఇట్లాంటిది అతను ఎక్కడా చూడలేదు. బావి కట్టి అడుగు మూసేసేవాళ్ళుంటారా? నీళ్ళు కింది నుంచి రావడం లేదు. గోడలో జానెడు ఎత్తున చిన్న చిన్న కళ్ళున్నాయి, వాటిలోంచి సన్నగా జారుతున్నాయి. నోరు పెట్టి తాగాడు. కొబ్బరినీళ్ళలా ఉన్నాయి.

"అడుగు బండలు పరిచినారు!" అని పైకి అరిచాడు.

"పగలగొట్టు!" నాగేంద్ర గొంతు. "అందుకే నీళ్ళు రావడం లేదు. పగలగొట్టి లోతుకు పో."

వెంకటేశులు గడ్డపార అందుకున్నాడు. తన చేలో మూడు బోర్లు వేశాడు. మూడు నూర్లు, నాలుగు నూర్లు, ఆరు నూర్ల అడుగులు. మూడోది వేసేటప్పుడు విజయమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. ప్రతిసారీ ఇంకో ఇరవై అడుగులు పోతే తగులుతుందనే ఆశే. ఆ ఆశ ఇప్పుడూ అతని చేతుల్లో ఉంది. ఒక మూల, రెండు బండల సందులో గడ్డపార మొన పెట్టి పోటు వేశాడు. నాలుగో పోటుకు సున్నం విరిగింది. ఐదో పోటుకు గడ్డపార జానెడు దిగి, మెత్తగా జారింది.

నీళ్ళు గుబుక్కున పైకి పొంగాయి. చూస్తుండగానే చీలమండ దాటాయి.

పైన కేకలు, ఈలలు. "వచ్చింది! గంగ వచ్చింది!" నాగేంద్ర నవ్వు అన్నిటికంటే గట్టిగా వినిపించింది. వెంకటేశులు కూడా నవ్వుతూ వంగి, ఆ పొంగే చోటనే దోసిలి పట్టి తాగాడు.

ఉప్పు.

నమ్మలేక మళ్ళీ తాగాడు. పడవ ఎక్కే ముందు విజయమ్మ ఊసేసిన నీళ్ళే. అతని చేయి గడ్డపార మీంచి జారిపోయింది. గబుక్కున కాలి మడమ ఆ బొక్క మీద పెట్టి, బరువంతా దాని మీద వేసి తొక్కి పట్టాడు.

"విజయా!" అని అరిచాడు. నలుగురిలో అతను ఆమెను పేరుతో పిలవడు. మోకు పట్టుకున్న ఆమె చేతులు బిగుసుకున్నాయి. "ఆ పెద్దామెను పిలువు! బిరీన!"

చెంగమ్మ పిలిచేదాకా ఆగలేదు. నీళ్ళు పొంగిన చప్పుడు వినగానే చీరకు కాసెపోసి ఒర దగ్గరకొచ్చింది. నాగేంద్ర చేయి అడ్డం పెట్టబోతే, ఆ చేతి కింద నుంచి దూరి, గోడకు మొహం పెట్టి దిగడం మొదలుపెట్టింది. ఆమె కిందికి చూడలేదు. కాళ్ళకు గుంటలు వాటంతటవే దొరుకుతున్నాయి. విజయమ్మ మోకు చివర విసిరి, "నడుముకు చుట్టుకోవ్వా" అంటే, సగం దిగాక ఒక్క చేత్తో చుట్టుకుంది.

కిందికి దిగి, నీళ్ళు వేలితో నాలుకకు తగిలించుకుంది. తిట్టలేదు. "కాలు తియ్యొద్దు" అని, పైకి తలెత్తి అరిచింది. "నల్ల బంకమన్ను ఒక గంప! గుల్లసున్నం, తాటిబెల్లం! పాత గోనెపట్ట!"

పైన ఎవరూ కదల్లేదు. నాగేంద్ర వంగి, "నీళ్ళొస్తా ఉంటే యాల మూసేది? తియ్యప్పా కాలు!" అన్నాడు.

విజయమ్మ బొక్కెన దించింది. "ఆ నీళ్ళే కొంచెం పైకి పంపించు" అంది. వచ్చిన బొక్కెన నాగేంద్ర ముందు పెట్టింది. "తాగి సూడన్నా. నువ్వు తాగి సరే అంటే, ఆయన్ను నేనే తవ్వమంటాను."

నాగేంద్ర చుట్టూ చూసి, దోసిట పట్టి ఒక గుక్క మింగాడు. మొహం మారిపోయింది. పక్కవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వేలు ముంచి రుచి చూశారు. కేకలు ఆగిపోయాయి. కృష్ణవేణి అందరికంటే ముందు కదిలింది. "సున్నం మా ఇంట్లో ఉండాది" అని పరిగెత్తింది.

*

చేరిన ఉప్పునీళ్ళు తోడించి, మన్నూ సున్నమూ బెల్లమూ కలిపి దట్టించాక, బిగిసేదాకా దాని మీద బరువుండాలంది చెంగమ్మ. రాయి పెడితే ఒరిగిపోతుంది, మనిషి మడమే కావాలి. ఒకరు అలిసిపోతే ఇంకొకరు. వెంకటేశులూ ఆమే ఆ సాయంత్రమంతా బావి అడుగున మార్చి మార్చి నిలబడ్డారు.

"తప్పు చేసినానవ్వా. నువ్వు చెప్తే నవ్వినా" అన్నాడు వెంకటేశులు.

"నువ్వు కొండల్లో మనిషివి. నీకెట్ల తెలుస్తాది." ఆమె గోడకు వీపు ఆనించింది. "ఈ మిట్ట మీద పడిన వాన ఉప్పునీళ్ళ మీద తేలతా ఉంటాది అబ్బయా, పాల మీద మీగడ మాదిరి. మీగడ తీసుకోవాల, గరిటె అడుక్కు పెట్టకూడదు. మా వాళ్ళు అందుకే బండలు పరిచినారు."

"ఎవరు చెప్పినారు నీకు?"

"మా అత్త. ఆమెకు వాళ్ళత్త. ఒలందుల ఓడలు, అదే డచ్చి దొరలవి, వచ్చేవంట అప్పుడు. ఓడ దూరంగా సముద్రంలోనే నిలిచేది, చిన్న పడవల్లో పీపాలు వచ్చేవి నీళ్ళకు. మా ఇంటోళ్ళు కొలిచి పోసేవాళ్ళు. ఒకసారి దొర ఒకడు కత్తి దూసి, ఇంకో నాలుగు పీపాలు పొయ్యమన్నాడంట. అప్పటి మా ఇంటి పెద్దాయన పొయ్యలా. 'నీ కత్తికి భయపడి పోస్తే, రేపు నువ్వు తాగేది ఉప్పే దొరా' అన్నాడంట."

"ఏం చేసినాడు?"

"ఏం చేస్తాడు? పొద్దున్న దాకా ఒర మీద కూచున్నాడు. ఊట వచ్చినాక నింపుకోని పోయినాడు. మళ్ళీ ఏడు వచ్చినప్పుడు ఆ ఓడ బండ తెచ్చి నిలబెట్టినాడు." ఆమె నవ్వింది. "దొరకు కూడా తెలిసింది. మన నాగేంద్రకే తెలియలా."

పైన ఒర అంచున తల ఒకటి కనపడింది. నాగేంద్రే. ఎంతసేపటి నుంచి వింటున్నాడో తెలియదు. తలకు తువ్వాలు బిగించి చుట్టుకున్నాడు. తర్వాత, "పెద్దమ్మా, ఇంక పైకి రా. నేను దిగి తొక్కి పట్టుకుంటా" అన్నాడు. అతను దిగుతూ గుంటల కోసం కాలితో తడుముకున్నాడు. చెంగమ్మ కింది నుంచి అతని పాదం పట్టి ఒక్కో గుంటలో పెట్టింది.

సున్నం బిగిశాక, ఆ రాత్రి గోపాలస్వామి పుస్తకం తెరిచి చెంగమ్మ ముందు ఇసుకలో కూర్చున్నాడు. వాన ఎక్కువైన ఏడు ఎన్ని కడవలు, తక్కువైన ఏడు ఎన్ని, ఏ నెలలో ఊట సన్నగిల్లుతుంది, అన్నీ అడిగి రాసుకున్నాడు. మోటారు వద్దని ఆమె అనలేదు. "నా చేతులు కూడా ముసిలివైనాయి. తెల్లారి అరగంట ఆడించండి. అరగంటే. తాళం నా కాడ ఉంటాది." నాగేంద్ర తలవంచుకుని, మోటారు గది ఇంకో పక్కకు కట్టుకుంటామన్నాడు. గుడిసెకు కొత్త ఆకు తానే తెస్తానన్నాడు.

*

నాలుగోరోజు తెల్లవారేసరికి బావిలో నడుము లోతు నీళ్ళున్నాయి. చెంగమ్మ మొదటి చెంబు తోడి, తాను తాగి, కాసేపు కళ్ళు మూసుకుంది. తర్వాత వెంకటేశులు చేతిలో పోసింది. కొంచెం చప్పగా ఉన్నాయి, ఉప్పు లేదు.

"నాలుగు దినాలకు సర్దుకుంటాది" అంది.

ఆడవాళ్ళు కడవలతో వరుసగా నిలబడ్డారు. కృష్ణవేణి వంతు రాగానే వెంకటేశులు చెంగమ్మ చేతుల వైపు చూశాడు. గుడిసె పీకించిన ఇల్లది. ఆమె రెండు కడవలు అంచుదాకా నింపింది. అందరికీ ఎంతో అంతే. ఒక చుక్క తక్కువ లేదు.

పడవ సిద్ధమైంది. చెంగమ్మ రేవు దాకా వచ్చి, విజయమ్మ కొంగులో ఎండురొయ్యల పొట్లం కట్టింది.

"మీ ఊర్లో నీళ్ళు ఎంత లోతులో ఉంటాయి అబ్బయా?"

"మా తాత కాలంలో ముప్పై అడుగులవ్వా. ఇప్పుడు ఆరునూర్లు పోయినా పడలే."

ఆమెకు తమాషా చేస్తున్నాడనిపించి నవ్వింది. అతను నవ్వకపోవడం చూసి ఆగిపోయింది. ఆరునూర్ల అడుగులు ఎంతో ఊహించుకోవాలని తాటిచెట్ల వైపు చూసింది, చెట్టు మీద చెట్టు పెట్టి లెక్క వేస్తున్నట్లు.

"ఇంకా పోతావా కిందికి?"

విజయమ్మ పడవ అంచు పట్టుకుని ఎక్కబోతున్నది, అలాగే నిలబడింది. వెనక్కి తిరిగి చూడలేదు.

వెంకటేశులు నీళ్ళలో కాలు పెట్టి నిలబడి ఉన్నాడు. గోరువెచ్చటి నీళ్ళు పిక్కల చుట్టూ తిరుగుతున్నాయి.

"పోనవ్వా" అన్నాడు. ఆ మాట తన నోట్లోంచి అంత తేలికగా వచ్చినందుకు అతనికే ఆశ్చర్యం వేసింది. "ఇంక పోను. పడే వాననే ఎట్ల పట్టుకోవాలో సూస్తాను."

విజయమ్మ పడవెక్కి, కొంగు సర్దుకుని, పక్కన అతనికి చోటు చేసింది. పడవవాడు గెడ వేసి నెట్టాడు.

"ఏమయా, ఊరికి పోయినాక ఈ రొయ్యలు ఏం కూరలో వెయ్యాల?" అంది.

"వంకాయలో" అన్నాడు వెంకటేశులు.

"చింతకాయలో బాగుంటాయంట. అవ్వ చెప్పింది."

"అవ్వ చెప్తే అదే చెయ్యి" అన్నాడతను. ఒడ్డు వచ్చేదాకా ఇద్దరూ కూర సంగతే మాట్లాడుకున్నారు.